ఊళ్లో ఇద్దరు పెద్దాయనలు

మా ముత్తాత, పాళెగాళ్ల కాలం నుంచి వచ్చిన కొండ కావలికి పెద్ద. ఆ కొండ మీద కట్టె కొట్టాలన్నా, తేనె పిండాలన్నా, గొర్రెలు తోలాలన్నా ఆయన గడప ముందు నిలబడి అడిగి పోవలసిందే. ఆయన కొడుకు, మా జేజినాయన, మూడు ఊళ్లకు మునసబు. ఆయన వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. లేవని ఒక మనిషి గురించి మా ఇంట్లో రెండు తరాలు కోపంగా మాట్లాడుకున్నారు. ఆ మనిషికి మోకాళ్లు పనిచేయవని చాలాకాలం తరువాత తెలిసింది. మా నాయనకు అధికారమేదీ మిగల్లేదు. అయినా ఊరి తగవులు మా అరుగు మీదే తీరేవి. ఊరంతా ఆయనను "పెద్దాయన" అనేది. పేరు పెట్టి పిలవగా నేను ఎన్నడూ వినలేదు.

నేను గుత్తిలో ఒక ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేసి, రిటైరై, కంబదూరు అవతల ఉన్న మా ఊరికి తిరిగి వచ్చాను. వచ్చేసరికి మాకు మిగిలినవి కొండ కింద మూడు గదుల మిద్దె, కొంచెం మెట్ట చేను, అటక మీద రెండు ఇత్తడి గంగాళాలు, ఒక దీపం.

ఆ దీపం సంగతి చెప్పాలి. ఇంటికి వంద అడుగుల దూరంలో, కొండ మొదట్లో, మా ముత్తాత కట్టించిన ఆంజనేయస్వామి గుడి ఉంది. గుడి అన్నానని గోపురాలు ఊహించుకోవద్దు. నాలుగు రాతి స్తంభాలు, పైన ఒక బండ, అంతే. తలుపు కూడా లేదు. స్వామి ముందు బండలోనే తొలిచిన ప్రమిద ఉంది. సోలెడు నూనె పడుతుంది. పొద్దు గూకక ముందే దాన్ని వేరుశనగ నూనెతో అంచుదాకా నింపి వెలిగించాలి. అది తెల్లవారేదాకా ఆరకూడదు. ఇది మా వంశంలో మాట. శనివారం గుగ్గిళ్లు, బెల్లం కూడా పెట్టాలి. భూములు పోయినా, మునసబుగిరీ పోయినా, ఈ పని మాత్రం మా చేతి నుంచి పోలేదు. పోనీయకూడదని నా పట్టుదల.

పొద్దున పోయి చూస్తే ప్రమిద అద్దంలా ఉండేది. చుక్క నూనె మిగిలేది కాదు. రాత్రంతా నిండుగా వెలిగిందని, స్వామి తృప్తి పడ్డాడని నేను ఇంటికి వచ్చి చెప్పేవాణ్ణి. మా ఆవిడ ఒకరోజు నాతో వచ్చి ప్రమిదలోకి వంగి చూసింది.

"నూనె కాలిపోయింది, సరే. వత్తి ఏమయింది?"

"అదీ కాలిపోయి ఉంటుంది."

"మసి?"

"స్వామి మహిమ," అన్నాను.

ఆమె ఇంకేమీ అనలేదు. మా ఆవిడ ఏమీ అనకపోతే దానికి రెండర్థాలు ఉంటాయి. రెండూ నాకు అనుకూలంగా ఉండవు.

ఎండాకాలం మొదలైంది. సాయంత్రం నూనె డబ్బా సంచిలో పెట్టి భుజానికి తగిలించుకొని నేను గుడివైపు బయలుదేరే వేళకు వీధిలో ఆడవాళ్లు పిల్లల్ని పిలవడం గమనించాను.

"రాండి లోపలికి! పెద్దాయన వచ్చే పొద్దయింది!"

పిల్లలు ఆట వదిలి ఇళ్లలోకి పరుగెత్తేవారు. తలుపులు పడేవి. ఇది చూసి నా మనసు ఎంత పొంగిందో చెబితే ఇప్పుడు నాకే మొహమాటంగా ఉంది. మా నాయన పోయిన ఇన్నేళ్లకు ఊరు ఆ పిలుపును మళ్లీ మా ఇంటికి తెచ్చి ఇచ్చిందని అనుకున్నాను. పిల్లల్ని లోపలికి పిలవడం కొంచెం ఎక్కువ మర్యాదే. కానీ పాత మర్యాదలు అలాగే ఉండేవని జేజి చెప్పేది. నడుము ఇంకాస్త నిటారుగా పెట్టి, అడుగు నిదానంగా వేస్తూ నడిచేవాణ్ణి.

బంకు దగ్గర టీ తాగేవాళ్ల మాటలు కూడా చెవిన పడేవి.

"నిన్న పెద్దాయన ఎన్ని గంటలకు దిగినాడు?"

"ఆరున్నరకు చూసినామప్పా. వీపు మీద ఒకటి ఉండాది."

సంచి గురించి అనుకున్నాను. అంత వివరంగా నన్ను చూస్తున్నారా అని, మరుసటి రోజు సంచిని ఉతికించాను.

ఇంట్లో చెప్పాను. మా ఆవిడ చింతపండు పిసుకుతూ తల ఎత్తలేదు. "మిమ్మల్నా? మొన్న రేషన్ అంగట్లో మిమ్మల్ని వరస తప్పొద్దని వెనక్కి పంపలేదా?"

"వాడు కొత్తవాడు. తెలియదు."

"పాతోళ్లే నవ్వినారు."

ఆ తరువాతి ఆదివారం బంకు దగ్గర అసలు సంగతి బయటపడింది. నేను పోయేసరికి అక్కడ నలుగురు ఉన్నారు. వాళ్లలో మా పక్క చేనాయన ఒకడు. ముస్లిం కుటుంబం. వాళ్ల ఇల్లు మా ఇంటికి ఆనుకొనే ఉంటుంది. కాలిపోయిన బోరు మోటర్లకు కాయిల్ చుట్టడం ఆయన పని. మా దిక్కు బోర్లలో నీళ్లు తక్కువ కాబట్టి ఉత్తగా తిరిగి కాలే మోటర్లు ఎక్కువ. కరువు ఊరంతటికీ వస్తుంది గానీ ఆయన పనికి కరువుండదు. నాకంటే పదేళ్లు చిన్న. నన్ను అన్నా అంటాడు. గౌరవం ఉంది గానీ దాన్ని అస్తమానం బయటికి తీయడు.

ఎవరో అంటున్నారు: "పెద్దాయన దినామూ గుళ్లో దీపం నూనె తాగుతాడంటప్పా. నిన్న గుగ్గిళ్లు గూడా తిని, మూతి నాక్కుంటా పోయినాడంట!"

నాకు ఒళ్లు మండింది. ముందుకు వచ్చి నిలబడ్డాను.

"చూడండి. నాలుగు తరాలుగా మా ఇంట్లో దేవుని నూనె ముట్టినవాడు లేడు. ఆ మాట అన్నది ఎవరో నా ముఖం చూసి చెప్పండి."

పక్క చేనాయన టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు, చేతిలో ఉంటే ఒలికిపోతుందని. తరువాత నవ్వడం మొదలుపెట్టాడు.

"అన్నా, నిన్ను గాదన్నా! ఎలుగ్గొడ్డునన్నా!"

"ఎలుగుబంటినా? దాన్ని పెద్దాయన అనడమేంది?"

"పొద్దు గూకినంక దాని పేరెత్తితే వచ్చేస్తాదని మా యమ్మ అంటాది. పేరెత్తకుండా ఎట్ల చెప్పుకోవాల? మీ నాయన పోయినప్పటి నుంచి ఆ పిలుపు ఖాళీగానే ఉండాది గదా, వాడుకుంటాండాము."

"మరి వీపు మీద ఒకటి అన్నారు?"

"పిల్లన్నా. అది ఆడది. పిల్లనెక్కించుకొని వస్తాది."

ఖాళీగానే ఉండాది అన్న మాటను ఇంటికి పోయేదాకా నమిలాను. ఇంట్లో మా ఆవిడకు చెప్పేసరికి ఆమె పొయ్యి ముందు కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తేరుకొని, "స్వామి మహిమ," అంది.

ఆ సాయంత్రం దీపం వెలిగించి వచ్చి ఇద్దరం మిద్దె ఎక్కి కూర్చున్నాం. ఇంకా వెలుతురు ఉంది. కొండ వాలులో బండల మధ్య నుంచి ఒక నల్లటి గుట్ట కదిలి వచ్చింది. తొందర లేదు. తల ఊపుకుంటూ, ముందు పాదాలు లోపలికి తిప్పి వేసుకుంటూ నడిచింది. వీపు మీది జుట్టులో మొహం దూర్చుకొని పిల్ల. గుడి ముందు ఆగి గాలి వాసన చూసింది. లోపలికి పోయింది. దీపం ఆరింది. తరువాత వంద అడుగుల దూరానికి కూడా వినిపించేటట్లు జుర్రున పీల్చే చప్పుడు. పిల్ల కిందికి దిగి తల్లి గడ్డం నాకింది.

మా వంశం ఇన్ని తరాలుగా ఆరనీయని దీపాన్ని ఆమె ఒక్క ఊపిరితో ఆర్పేసింది.

ఇంతవరకు నవ్వుకోదగ్గ సంగతే. నాలుగు రోజుల తరువాత పక్కింటి ముసలమ్మ, అంటే మోటర్లాయన తల్లి, తెల్లవారుజామున మేకకు నీళ్లు పెట్టడానికి బయటికి వచ్చి, కొండకు తిరిగి పోతున్న తల్లీపిల్లకు ఎదురుపడింది. అది గుర్రుమని వెనక్కాళ్ల మీద లేచింది. ఈమె పరుగెత్తి గట్టు మీద పడింది. మణికట్టు వాచిపోయింది. నేను పలకరించడానికి పోయేసరికి ఆమె మంచం మీద కూర్చుని చేతికి కట్టు చూసుకుంటోంది.

"అది నన్నేం జేయలేదు నాయనా. నేనే ఉరికి పడినా. పిల్లతల్లి గదా, దాని భయం దానిది."

కొడుకు అలా అనుకోలేదు. ఇంటి వెనక మోటరు తీగల చుట్ట విప్పి కొలుస్తున్నాడు.

"చేను చుట్టూ తీగ లాగి కరెంటిస్తా, అన్నా. ఒక్క రోజు చాలు. నాకు కరెంటు పని కొత్తగాదు."

"చంపుతావా? పిల్ల ఉంది దానికి."

"మా యమ్మ చెయ్యి ఇరిగుంటే ఎవరు జవాబు చెప్తారు?"

నేను మా ముత్తాత గొంతు తెచ్చుకున్నాను. "మా కొండ మీది జంతువును మా అనుమతి లేకుండా ఎవరూ..."

"మీ కొండా?" తీగ కొలవడం ఆపి నా వైపు చూశాడు. "పట్టా ఉంటే సూపియ్యి అన్నా. దండం పెట్టి పోతా."

పట్టా లేదు. ఎన్నడూ ఉన్నట్టు నేను చూడలేదు. ముత్తాత కాలంలో అడిగేవాళ్లు లేరు, అంతే.

ఆయన తీగ చుట్ట కింద పెట్టి అన్నాడు. "వారం చూస్తా. అది దేనికి వస్తాండాదో నీకు తెలుసు. నువ్వా దీపం సంగతి చూడు, నేనీ తీగ సంగతి చూస్తా."

మరునాడే నేను ఫారెస్టు వాళ్లకు కబురు పంపాను. మడకశిర దిక్కు ఊరి ఆడ గార్డు ఒకామె మోటరు సైకిల్ మీద వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. నేను ఆమెకు కుర్చీ వేయించి, మా కుటుంబానికి ఈ కొండతో ఉన్న సంబంధం మొదటి నుంచి చెప్పాను. ఆమె ఓపికగా విని, నీళ్లు తాగి, "గుడి చూపిస్తారా సార్?" అంది.

గుడి దగ్గర ఆమె స్తంభాన్ని వేలితో తడిమింది. గోళ్ల గీతలు, జిడ్డుకు అంటుకున్న నల్లటి వెంట్రుకలు. నేను రోజూ చూసే స్తంభమే, అవి నా కంట పడలేదు.

"మా దిక్కు కరడి అంటాం సార్ దీన్ని. కొండలో నీళ్లు లేవు, పండ్లు లేవు. దినామూ ఒక్క చోటనే సోలెడు నూనె దొరికితే ఎవరైనా వస్తారు. మీరే దావ చూపించినారు."

"టపాసులు కాలిస్తే పోదా?"

"పిల్లతల్లిని బెదిరిస్తే మీదికి వస్తాది సార్. తరమొద్దు, రాళ్లెయ్యొద్దు. ఈడ ఏమీ దొరకదని తెలిస్తే అదే మానేస్తాది. చీకటి పడినప్పుడు ఎవరైనా బయటికి పోవాలంటే గట్టిగా మాట్లాడుకుంటా, కట్టె నేలకు కొట్టుకుంటా పోవాల. దానికి చూపు తక్కువ. ఉన్నట్టుండి ఎదురుపడితేనే భయంతో కొడతాది."

"దీపం మాత్రం ఆపలేను," అన్నాను. "తెల్లవారేదాకా వెలగాలి. అది మా ఇంటి నియమం."

ఆమె పుస్తకంలో ఏదో రాసుకుంటూ, "ఇప్పుడు ఎంతసేపు వెలుగుతాండాది సార్?" అంది.

అరగంట కూడా వెలగడం లేదని ఇద్దరికీ తెలుసు.

అయినా నాకు వెంటనే బుద్ధి రాలేదు. వేరుశనగ నూనెకు బదులు ఆముదం పోస్తే ముట్టదని నాకు తోచింది. మోటర్లాయనను అడిగితే, "ముడితే? పెద్దాయనకు కడుపు జారితే ఎవని చేన్లో కూచుంటాడు? నా చేన్లోనే గదా!" అన్నాడు. అది మానుకొని ప్రమిద మీదికి బరువైన రాతి మూత చేయించాను. పొగ పోవడానికి పైన రంధ్రాలు పెట్టించాను. మూడు రోజులు మా ఆవిడతో సహా అందరికీ దాని పనితనం వివరించాను. నాలుగో రోజు పొద్దున మూత గుడి బయట బోర్లా పడి ఉంది, ప్రమిద అద్దంలా ఉంది. అడుగుజాడలు తిన్నగా మోటర్లాయన చేను గట్టు మీదుగా పోయాయి.

ఆ మధ్యాహ్నం ఆయన తీగ లాగడానికి మేకులు దిగగొట్టడం మొదలుపెట్టాడు. ఠంగు ఠంగుమని మా ఇంట్లోకి వినపడుతోంది. మా ఆవిడ బియ్యం ఏరుతూ అంది, "వారం కాలేదు గదా?"

"కాలేదు. కానీ మాట తప్పింది నేను."

"మీ ముత్తాత ఉంటే ఏం చేసేవాడు?"

"దీపం నింపేవాడు."

"ఎలుగుబంటి చచ్చిపోతే?"

దానికి నా దగ్గర వంశచరిత్ర లేదు.

పొయ్యిలోంచి దోసెడు బూడిద, ఇంత కొబ్బరి పీచు తీసుకొని నేను గుడికి పోయాను. మేకులు కొడుతున్న ఆయన చూసేటట్లుగానే పోయాను. చెప్పి ఒప్పించడం నాకు చేతకాదు. ప్రమిదలో బూడిద పోసి, జిడ్డు పోయేదాకా తోమాను. స్తంభాలు తోమాను. బండ మీద నూనె మరకలు తోమాను. అరవై దాటినవాడిని, నడుము వంచి అంతసేపు పని చేసిన గుర్తు నాకు లేదు. ఠంగు ఠంగు ఆగింది. ఆయన వచ్చి స్తంభానికి ఆనుకొని నిలబడ్డాడు.

"ఏమన్నా ఇది?"

"ఇక నుంచి చెంచాడు నూనె. అది కాలేదాకా నేనిక్కడే కూర్చుంటాను. ఆరినాక తుడిచి, పొద్దుండగానే ఇంటికి వస్తాను. గుగ్గిళ్లు స్వామికి చూపించి మీ అమ్మకు పంపుతాను."

"తెల్లవార్లూ ఎలగాల గదా మీకు?"

"ఎవరి కోసం వెలిగేదో తెలిసిపోయింది గదా."

ఆయన నవ్వలేదు. నా చేతిలోంచి పీచు తీసుకొని రెండో వైపు స్తంభం తోమాడు. పోతూ పోతూ దిగగొట్టిన మేకులు పీక్కున్నాడు. తీగ చుట్ట మాత్రం ఇంటి బయటే పెట్టుకున్నాడు. నన్ను నమ్మాడు, ఎలుగుబంటిని ఇంకా నమ్మలేదు.

ఆ సాయంత్రం ఎలుగుబంటి వచ్చింది. మేము అందరం మిద్దె మీదే ఉన్నాం. ముసలమ్మను కూడా కుర్చీతో పైకి ఎక్కించారు. తల్లి ఎలుగు గుడిలోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు. తరువాత వచ్చి గుడి ముందు, మనిషి అరుగు మీద కూర్చున్నట్టు, వెనక్కాళ్లు చాపి కూర్చుంది. పిల్ల ఆమె చెవి పట్టుకొని లాగుతోంది.

"పాపం, అంగడి మూసేసినాక వచ్చినట్టుంది," అంది ముసలమ్మ.

నాకు నిజంగానే కష్టంగా అనిపించింది. వచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపడం మా ఇంట్లో లేదు. ఆ మాట పైకి అన్నాను. "గమ్మునుండన్నా," అన్నాడు మోటర్లాయన. "జాలిపడి చెంబుతో నూనె తీస్కపోయేవు."

మరో ఆరు రోజులు వచ్చింది. ఒక రోజు రాతి మూతను కొంత దూరం దొర్లించింది, కోపమో సరదానో తెలియదు. తరువాత రెండు రోజులకొకసారి. ఆ తరువాత గుడివైపు రాలేదు. తీగ చుట్ట ఇంట్లోకి పోయింది.

నేను గార్డు చెప్పినట్టే చేస్తున్నాను. దీపం ఆరినాక గట్టిగా మాట్లాడుకుంటూ ఇంటికి వస్తాను. ఒంటరి మనిషి ఏం మాట్లాడాలి? ముత్తాత నుంచి మొదలుపెట్టి వంశం చదువుతూ వస్తాను. మునసబు దగ్గరికి వచ్చేసరికి మా గేటు వస్తుంది. మోటర్లాయన ఊళ్లో చెప్పుకుంటున్నాడట, దీపం నూనె లేక కాదు, నా వంశం వినలేకే ఎలుగ్గొడ్డు కొండెక్కిందని.

కానీ నూనె ఆపితే దాహం ఆగదు గదా. ఎండలు ముదిరాక ఎలుగుబంటి ఈసారి ఊరి అవతల గొర్రెల తొట్టి దగ్గర కనిపించింది. మళ్లీ తీగల మాట మొదలైంది, ఈసారి గొర్రెల వాళ్ల నోట. గార్డు వచ్చి, కొండకు ఆ పక్క పాత చెలమ ఎండిపోయిందని, అక్కడ సిమెంటు తొట్టి ఒకటి కడితే ఎండాకాలమంతా వారానికొకసారి ట్యాంకరు నీళ్లు పోయిస్తామని చెప్పింది. తొట్టి ఎవరు కట్టాలన్నది మాత్రం ఆమె చెప్పలేదు. బంకు దగ్గర అందరూ ఆ సంగతి మాట్లాడి, మాట్లాడడం అయిపోయాక నా వైపు చూశారు.

"మీ కొండేనంటివి గదన్నా," అన్నాడు మోటర్లాయన.

కాదనలేదు. కాదంటే ఇక నాకు మిగిలేది ఏమిటి?

తొట్టి కట్టే పనికి మేస్త్రీని ఆయనే తెచ్చాడు. సిమెంటు మూటలు గొర్రెల వాళ్లు మోశారు. వైశాఖం దాటకముందే నీళ్లు పోశారు. రెండో వారం తొట్టి అంచు మీద బురద పాదాలు, పెద్దవీ చిన్నవీ, గార్డు ఫోనులో ఫొటో తీసి చూపించింది. గొర్రెల తొట్టి దగ్గర ఆ ఎండాకాలంలో తల్లీపిల్లా మళ్లీ కనపడలేదు.

ఆ తొట్టికీ, ఎలుగుబంటి మళ్లీ దూరకుండా గుడికి పెట్టించిన ఇనుప కటకటాల తలుపుకీ, మా ఇంట్లో పెళ్లిళ్లకు వంట చేసిన ఇత్తడి గంగాళాలు రెండూ మూతలతో సహా గుత్తిలో అమ్మేశాను.